సముద్రాన్ని కొలవడానికి వెళ్ళిన కుంచం

అనగనగనగా, కొండకీ సముద్రానికీ మధ్యన, వరిచేల ఒళ్ళో ఒక ఊరుండేది. పొద్దున పూట కొండ మీంచి మంచు దిగి వచ్చి ఆ ఊరి మొహం కడిగేది. సాయంకాలం సముద్రం మీంచి గాలి వచ్చి ఆ ఊరి జుట్టు దువ్వేది. ఇటు తిరిగి పడుకో అమ్ములూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొడుతూ ఉండాలి మరి. ఊఁ కొడితేనే కథ నడుస్తుంది.

ఆ ఊళ్ళో ఒక బడి. ఆ బడిలో పైడి అని ఒక గుంట, అంటే ఆడపిల్ల. నీ అంతే ఉంటుంది. ఆ పిల్లకి అన్ని పాఠాలూ ఇష్టమే గాని చరిత్ర పాఠం మొదలైతే చాలు, కళ్ళు మూతలు పడేవి. ఎక్కడి రాజులో, ఎప్పటి యుద్ధాలో. ఆ రాజుల్లో ఒక్కడైనా పైడివాళ్ళ వీధిలో నడిచినవాడు కాదు, వాళ్ళ బావి నీళ్ళు తాగినవాడు కాదు. ఇంక ఎందుకు మెలకువగా ఉండాలి చెప్పు.

అప్పుడు ఆ బడికి గ్రేసమ్మ టీచరు వచ్చింది. వస్తూ వస్తూ ఒక నీలం రంగు ట్రంకుపెట్టె తెచ్చింది. మూత మీద తెల్లరంగుతో 'మన చరిత్ర పెట్టె' అని రాసి ఉంది. లోపల పాత చీరల మెత్తలు, ఆ మెత్తల మధ్య గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక్కో వస్తువు. చేలో దున్నుతుంటే దొరికిన కుండపెంకు ఒకటి. ఎద్దు మెడలో గంట ఒకటి. తాటాకుల మీద రాసే ఇనుప గంటం ఒకటి. అరిగి అరిగి వెన్నలా నున్నబడిన కాలి కడియం ఒకటి.

ముందు కళ్ళు మూసుకోండి, చూడడం తర్వాత, అనేది టీచరు. కళ్ళు మూసుకున్న పిల్లల చేతుల్లో ఆ వస్తువు పెట్టేది. పిల్లలు తడిమేవారు, వాసన చూసేవారు, చెవి దగ్గర పెట్టుకునేవారు. అప్పుడు టీచరు మూడు ప్రశ్నలు అడిగేది. దీంతో ఏం పని చేస్తారు? ఇది ఎవరి చేతుల్లో తిరిగింది? ఇది పోతే ఎవరు బెంగ పెట్టుకుంటారు?

పైడి చేతిలో కడియం పెట్టినరోజు, ఆ పిల్లకి ఎవరో ఆడమనిషి చేలగట్టు మీద నడిచి వెళ్తున్నట్టు వినిపించిందట. తడికాళ్ళ చప్పుడు. కళ్ళు తెరిస్తే ఎవరూ లేరు. ఆ రోజు నుంచీ పైడికి చరిత్ర పాఠంలో నిద్ర రాలేదు.

ఆ పెట్టె ఒక్క బడిది కాదు, మూడు బళ్ళది. కొండమీద బడిలో కొన్నాళ్ళు, ఈ చేలమధ్య బడిలో కొన్నాళ్ళు, సముద్రం రేవు దగ్గర బడిలో కొన్నాళ్ళు తిరిగేది. వెళ్ళేటప్పుడు పిల్లలు తమ ఊరి వస్తువొకటి పెట్టి పంపాలి. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగే తేవాలి. అది టీచరు పెట్టిన నియమం.

పైడివాళ్ళ ఇంట్లో నలుగురు. నాన్న అప్పన్న, అమ్మ సూరీడమ్మ, నానమ్మ తవిటమ్మ, పైడి. అమ్మకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. కాని ఆ ఇంట్లో ఆ సంతోషం ఎక్కడా కనిపించేది కాదు. ఎందుకంటే పైడి తర్వాత ఆ తల్లికి రెండు కాన్పులై, రెండు పువ్వులూ పురిట్లోనే రాలిపోయాయి. అందుకని రాబోయే బిడ్డ మాట ఎవరూ పైకి ఎత్తేవారు కాదు. ఉయ్యాల దింపలేదు, పేరు అనుకోలేదు. గట్టిగా నవ్వితే ఎవరైనా వింటారేమోనన్నట్టు మెల్లగా నవ్వుకునేవారు.

ఆ ఇంటి అటక మీద పసుపుగుడ్డలో చుట్టి ఒక కుంచం ఉండేది. కుంచమంటే వడ్లు కొలిచేది. ఇనుముతో చేసి, అంచుకి ఇత్తడి కట్టు వేశారు. ఇప్పుడందరూ మిల్లు దగ్గర కాటా మీదే తూస్తున్నారు కదా, అందుకని అది అటక దిగడం లేదు.

పైడి దాని మీద కన్నేసింది. పెద్దవాళ్ళని అడగాలి కదా, అడిగింది కూడా. ఎలా అడిగిందనుకున్నావు? మధ్యాహ్నం నానమ్మ కునుకు తీస్తుంటే, చెవికి బాగా దూరంగా నిలబడి, గాలిలాగా అడిగింది. నానమ్మ గుర్రు పెట్టింది. పైడి దాన్ని ఊఁ అనుకుంది.

బడిలో కుంచం అందరి చేతులూ తిరిగింది. మొదటి ప్రశ్నకి పైడి, వడ్లు కొలుస్తారు అంది. రెండో ప్రశ్నకి, నానమ్మ చేతుల్లో, అంతకుముందు నానమ్మ వాళ్ళమ్మ చేతుల్లో అంది. ఇది పోతే ఎవరు బెంగ పెట్టుకుంటారు అని టీచరు అడిగితే, పైడి భుజాలు ఎగరేసింది.

"ఎవరూ పెట్టుకోరు టీచర్. అటక మీద ఊరికే ఉంటది."

మీ నానమ్మని అడిగే తెచ్చావా అని టీచరు మళ్ళీ అడిగింది. ఊఁ అంది టీచర్, అంది పైడి. అది అబద్ధమా అంటే అబద్ధం కాదు, నిజమా అంటే నిజమూ కాదు. ఆ తర్వాత పెట్టె ఆటో ఎక్కి కొండమీద బడికి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళు గడిచాయి. అమ్మకి ఇవాళో రేపో అన్నట్టుంది. అప్పుడు తవిటమ్మ స్టూలు వేసుకుని అటక ఎక్కింది. అటక మీద పసుపుగుడ్డ మడత పెట్టి ఉంది. గుడ్డలో ఉండాల్సింది లేదు. ఆ గుడ్డ చేత్తో పట్టుకుని ముసలామె దిగి వచ్చి, ఏటే ఇది అని అడిగింది. పైడి అంతా చెప్పేసింది, గుర్రు సంగతితో సహా.

నానమ్మ తిట్టలేదు. తిడితే పైడికి బాగుండేది. గోడకి ఆనుకుని కూలబడి, ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది.

తను పుట్టకముందు తన తల్లికి పుట్టిన పిల్లలెవరూ బతకలేదట. అందుకని తను పుట్టగానే చేటలో పడుకోబెట్టి పక్కింటామెకి ఇచ్చేశారట, ఈ బిడ్డ మాది కాదు నీదే అని. ఆ తర్వాత అదే బిడ్డని కుంచెడు తవుడు పోసి కొనుక్కున్నారట. తవుడు గొడ్లకి పెట్టేది కదా. చావు గడప దగ్గర నిలబడి వింటుందట. ఇదేదో తవుడుకి కొన్న బిడ్డ, ఎవరికీ అక్కర్లేని బిడ్డ, దీన్ని పట్టుకెళ్ళి నేనేం చేసుకోను అని తన దారిన తను పోతుందట. అలా బతికింది కాబట్టి ఆమెకి తవిటమ్మ అని పేరు పెట్టారు. ఆ కుంచం ఇదే.

పైడి తల దించుకుంది. బడిలో పిల్లలు, మీ నానమ్మ తవుడు తింటదేటి అని ఏడిపిస్తుంటే, సిగ్గేసి, మా నానమ్మ పేరు తులసమ్మ అని బొంకిన పిల్ల అది.

"నీకు తెలీదు కదే," అంది నానమ్మ. "మీయమ్మ ముందర ఆ ముచ్చట్లు ఎత్తకూడదని నానే మూసిపెట్టాను. మొన్నటి రెండుసార్లూ పాతకాలం మాటలెందుకని ఊరుకున్నాం. ఈసారైనా కొందామనుకున్నాం."

మంచం మీద అటు తిరిగి పడుకున్న అమ్మ ఇదంతా విన్నది. తిరక్కుండానే ఒక మాట అంది.

"రెండుసార్లు నా బిడ్డ నా బిడ్డ అని మురిసిపోయాను, ఏటైంది? ఆ కుంచంతో కొనందే ఈ బిడ్డని నాదనను అత్తా. మొహం కూడా చూడను."

అప్పుడు పైడికి అర్థమైంది, తను పెట్టెలో పెట్టి పంపింది వడ్ల కుంచం కాదని. అమ్మ ధైర్యాన్ని పంపేసింది.

మర్నాడు పొద్దున్నే పైడి వెళ్ళి సంగతి చెప్తే, గ్రేసమ్మ టీచరు కొండమీద బడికి ఫోన్ చేసింది. కొండ మీద సిగ్నల్ లేదు. ఇంక ఫోన్‌ని నమ్ముకుంటే లాభం లేదని, నానమ్మా పైడీ జీపెక్కారు. జీపు ఆగిన చోటు నుంచి నడిచారు. జీడిమామిడి తోటలు దాటారు, గలగల పారే గెడ్డ దాటారు, మబ్బు చేతికి అందుతుందా అన్నంత పైకి ఎక్కారు. పైడి ఎప్పుడూ అంత పైకి రాలేదు. వేరే రోజైతే ఆ కొండగాలికి చేతులు రెక్కల్లా చాచి పరిగెత్తేదే.

కొండమీద బడి వంటసాలలో ఒకామె పప్పు కలుపుతోంది. ఆమె పేరు పెంటమ్మ. పెట్టె గురించి అడిగితే, నిన్ననే రేవుబడికి వెళ్ళిపోయింది అంది. కుంచం గుర్తుందా అంటే అక్కడున్న పిల్లలకి బాగా గుర్తుంది. కళ్ళు మూసుకుని తడిమి, ఇది వాయించేదే అని తేల్చేశారట. బోర్లించి, రెండు పుల్లలతో వాయించి, చేతులు చేతులు పట్టుకుని దాని చుట్టూ ఆడారట.

నీ పేరేటి మామ్మా అని ఒక పిల్ల అడిగింది. నానమ్మ నోరు తెరిచేలోపు పైడే చెప్పింది, "మా నానమ్మ పేరు తవిటమ్మ" అని. పిల్లలు కిసుక్కున నవ్వారు.

పెంటమ్మ గరిటె పక్కన పెట్టేసి, అక్కని పిలిచినట్టు నానమ్మని పిలిచింది.

"నువ్వు నయం అప్పా, తవుడుకైనా అమ్ముడుపోయావు. నన్నయితే పెంట మీద పారేసి, దొరికిందని తెచ్చుకున్నారు."

పాపం, పిల్లలు రోజూ ఆమె చేతి అన్నం తింటూ ఆ పేరు పిలిచి వెనక నవ్వుకునేవారు. ఆ మాట విన్నాక ఎవరూ నవ్వలేదు. ఒక పిల్ల వచ్చి ఆమె కొంగు పట్టుకుని, అయితే నిన్ను పారేసింది ఉత్తుత్తికేనా అని అడిగింది. ఉత్తుత్తికే, మా యమ్మ చెట్టు చాటు నుంచి చూస్తూనే ఉందంట, అని చెప్పింది పెంటమ్మ.

సంగతంతా విన్నాక ఆమె లోపలికి వెళ్ళి, చిన్న మూట ఒకటి కట్టి తెచ్చి నానమ్మ చేతిలో పెట్టింది. అది మా కొండ సామల తవుడు, బిడ్డని కొనేటప్పుడు మాదీ ఒక గుప్పెడు కలుపు అంది.

ఆ తర్వాత వాళ్ళు కొండ దిగి, బస్సు పట్టుకుని, రేవుకి వెళ్ళారు. మధ్యాహ్నం ఎండలో సముద్రం నిండా వెండిరేకులు పరిచినట్టుంది. ఇసకలో వలలు ఆరుతున్నాయి. బడి అరుగు మీద నీలం పెట్టె మూత తెరిచి ఉంది. పైడి పరిగెత్తుకుంటూ వెళ్ళి చూసింది. గుండ్రటి గూడు ఉంది. గూడులో కుంచం లేదు.

 ఏం జరిగిందో కుప్పయ్య అని ఒక ముసలి జాలరి చెప్పాడు. ఆయన మనవరాలు నూకాలు ఆ బడిలోనే చదువుతోంది. టీచరు కళ్ళు మూయించి కుంచం చేతిలో పెడితే, ఆ పిల్ల గుండ్రటి అంచు తడిమింది, లోతు తడిమింది, ఇది పడవలో నీళ్ళు తోడేదే అంది. మిగతా పిల్లలూ అవునవునన్నారు. రేవు పిల్లలు మరి. వాళ్ళ ఊళ్ళో గుండ్రంగా, లోతుగా ఉన్నదేదైనా నీళ్ళు తోడడానికే. ఆ పొద్దున్నే నూకాలు అది ఎలా తోడుతుందో చూద్దామని తాత పడవలోకి పట్టుకెళ్ళింది. బాగానే తోడిందట. ఇంతలో ఒక అల వచ్చి పడవని ఒక్క ఊపు ఊపింది. తడిచేతులు కదా, జారిపోయింది. ఇనుము కదా, మునిగిపోయింది.

నూకాలు ఇసకలోకి లాగిన పడవ వెనకాల దాక్కుని ఉంది. పొద్దుటి నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదట. ఇద్దరు మనుషులు కుంచం కోసం వచ్చారని తెలిసి ఇంకా ముడుచుకుపోయింది.

తవిటమ్మ పడవ దాకా నడిచింది. ఆ పిల్లని చూసింది. ఆ తర్వాత సముద్రం వైపు తిరిగింది. తనని కొన్న కుంచం ఆ నీళ్ళ అడుగున ఎక్కడో ఉంది.  ఇంటి దగ్గర అమ్మ అన్న మాట పైడి చెవిలో గింగురుమంటోంది. నానమ్మ ఇప్పుడు ఏడుస్తుందనుకుంది. లేకపోతే ఆ పిల్లని తిడుతుందనుకుంది.

నానమ్మ కుప్పయ్యని అడిగింది, అది పడిన చోట ఎంత లోతుంటది అని. ఎవుడికి తెలుసప్పా, ఎవుడూ కొలవలేదు అన్నాడాయన.

"అయితే ఆ పని మీదే ఎళ్ళింది," అంది నానమ్మ. "కుంచం కదా, కొలవకుండా కుదురుగా ఉండలేదు. సముద్రాన్ని కొలవడానికి ఎళ్ళింది. నువ్వేటీ పారెయ్యలేదే తల్లీ, లే."

అప్పుడు నూకాలు వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపుతో భయమంతా కరిగిపోయి, నానమ్మ ఇచ్చిన నీళ్ళు గటగటా తాగింది. కుప్పయ్య తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. రోజూ ఆ చోట వల వేస్తాను, దొరికితే పరిగెత్తుకొస్తాను అని మాట ఇచ్చాడు. నానమ్మ పేరు తవిటమ్మ అని విన్నాక, నా పేరెందుకు కుప్పయ్యో నీకు చెప్పక్కర్లేదు కదప్పా అన్నాడు. అక్కర్లేదు తమ్ముడూ, ఏ కుప్ప మీద దొర్లించారో గాని గట్టిగానే మొలిచావు అంది నానమ్మ. ఆయన నవ్వాడు.

రేవు దాటి బస్సు కోసం నిలబడ్డాక, చుట్టూ ఎవరూ లేనప్పుడు, నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పైడి చూసింది. ఆమె చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆ చెయ్యి గరుకుగా, వెచ్చగా, ఎండిన నేలలాగా ఉంది.

వాళ్ళు ఊరు చేరేసరికి ఇంటికి తాళం ఉంది. నొప్పులు మొదలైతే అప్పన్న సూరీడమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆ రాత్రి గడిచి తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. నల్లగా, బొద్దుగా, నేరేడుపండులా ఉంది. గొంతు చూస్తే ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా ఉంది. డాక్టరమ్మ, బిడ్డ దివ్యంగా ఉంది అంది.

కాని సూరీడమ్మ బిడ్డ మొహం చూడలేదు. పాలిచ్చేది, కళ్ళు మూసుకుని ఇచ్చేది. పాలు తాగడం అయిపోగానే పక్కకి తిరిగిపోయేది. నీ కూతుర్ని చూసుకోవేమ్మా అని నర్సు అడిగితే, నా కూతురు కాదు అంది. నర్సుకి కోపం వచ్చింది. పైడికి మాత్రం ఏడుపొచ్చింది. ఆ తల్లికి చూడాలని లేక కాదు అమ్ములూ. చూస్తే ప్రేమ పుడుతుందని, ప్రేమ పుడితే చావు వింటుందని.

రేవులో కుప్పయ్య రోజూ వల వేశాడు. వలలో చేపలొచ్చాయి, నాచు వచ్చింది, గవ్వలొచ్చాయి. కుంచం రాలేదు.

ఆ తర్వాత తల్లీబిడ్డలు ఇంటికొచ్చే రోజు వచ్చింది. పక్కింటి గున్నమ్మ బిడ్డని చేటలో పడుకోబెట్టి, గడప బయట అరుగు మీద ఉంచుకుని నిలబడింది. ఈమె నోరు మంచిది కాదని ఊళ్ళో అంటారు గాని మనసు వెన్న. సూరీడమ్మ గడప లోపల, గోడ వారగా కూర్చుంది. గ్రేసమ్మ టీచరు వచ్చింది. కబురు అందుకుని, కుప్పయ్య చెయ్యి పట్టుకుని నూకాలు వచ్చింది. ఆ పిల్ల గౌనులో మూట కట్టుకుని తవుడు తెచ్చింది, వాళ్ళ కోళ్ళకి పెట్టే తవుడు. కొండ సామల తవుడు ఉండనే ఉంది. ఊళ్ళో మిల్లు తవుడు ఉంది. అన్నీ ఒక పళ్ళెంలో కలిపి గడప దగ్గర పెట్టారు.

లేనిదల్లా కుంచమే.

అప్పుడు గున్నమ్మ తవిటమ్మని దగ్గరికి పిలిచి చెవిలో చెప్పింది. మా ఇంట్లోనూ ఒక కుంచం ఉంది, తెచ్చాను, నీ పసుపుగుడ్డలో చుట్టి ఇచ్చేయ్, అదే ఇది అని చెప్పు, పచ్చి బాలింతకి ఏం తెలుస్తది, బిడ్డని ఎత్తుకుంటే అదే పదివేలు అంది. తవిటమ్మ కాదనలేదు, అవుననలేదు. గున్నమ్మే గుడ్డ చుట్టేసి ఆమె చేతిలో పెట్టింది.

సూరీడమ్మ ఆ పసుపుగుడ్డ చూసింది. చూడగానే మొహంలో దీపం పెట్టినట్టయింది.

"మన కుంచమేనా అత్తా?"

 తవిటమ్మ ఎన్నడూ కోడలితో అబద్ధం చెప్పి ఎరగదు. నిజం చెప్పే ధైర్యమూ లేదు. చేటలో బిడ్డ కాళ్ళు కొట్టుకుంటోంది. 

అప్పుడు పైడి వచ్చి అమ్మకి ఎదురుగా నిలబడింది.

"కాదమ్మా. మనది సముద్రంలో ఉంది. నేనే నానమ్మని అడక్కుండా ఇచ్చేశాను."

సూరీడమ్మ మొహంలో దీపం ఆరిపోయింది. మళ్ళీ గోడ వైపు తిరగబోయింది. తవిటమ్మ పసుపుగుడ్డ విప్పి, గున్నమ్మ కుంచం గున్నమ్మ పక్కనే పెట్టేసింది. వచ్చి కోడలి ముందు కూర్చుంది.

"నన్ను కొన్ననాడు ఆ కుంచంలోకి తవుడు దానంతట అది దూకిందనుకున్నావేటి సూరీడూ? మాయమ్మ రెండు చేతులా తీసి పోసింది. నేను వచ్చింది ఆ దోసిట్లోంచే."

 సూరీడమ్మ గోడ వైపు తిరగడం మానేసింది.

అప్పుడు పైడి పళ్ళెం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దోసిలి నిండా తవుడు తీసి, గున్నమ్మ పట్టిన కొంగులో పోసింది. గున్నమ్మ బేరం మొదలెట్టింది. అమ్మేవాళ్ళు బేరమాడాలి కదా, లేకపోతే చావు నమ్మదు. ఏటీ, ఇంతేనా, నా బిడ్డ పనసపండులా ఉంటే, మీ కోడికైనా చాలదు ఈ తవుడు, అంది.

ఆ తర్వాత నూకాలు లేచింది. చేతులు బాగా తుడుచుకుంది, ఈసారి ఏదీ జారకూడదని. దోసిలి తీసి, ఒక్క రవ్వ కింద పడకుండా నడిచి, గున్నమ్మ కొంగులో పోసింది. గున్నమ్మ మూతి తిప్పింది. చాలదు, ససేమిరా చాలదు, అంది.

మూడో దోసిలికి ఎవరూ లేవలేదు. తవిటమ్మ లేవలేదు. టీచరు లేవబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. గున్నమ్మ కాసేపు చూసింది. అయితే బేరం కుదర్లేదు, నా బిడ్డని నేను పట్టుకుపోతాను అని, చేట ఎత్తుకుని వీధిలోకి ఒక అడుగు వేసింది. ఎండ మొహం మీద పడిందేమో, బిడ్డ కెవ్వుమంది.

సూరీడమ్మ లేచింది. గోడ పట్టుకుని లేచింది. పళ్ళెం దగ్గరికి వచ్చి, రెండు చేతులూ తవుట్లో ముంచింది. కొండ తవుడు, చేల తవుడు, రేవు తవుడు, అంతా కలిసి ఆమె దోసిట్లోకి వచ్చింది. గడప దాటి వెళ్ళి గున్నమ్మ కొంగులో కుమ్మరించింది.

"ఇంకివ్వను," అంది. "ఈ నల్లగుంటకి ఇదే ఎక్కువ. ఎందుకూ పనికిరాని గుంట. ఏడుపుగొట్టు గుంట. నాకైతే అక్కర్లేదు గాని, పోనీలే పాపమని కొంటున్నాను."

ఒక్కో మాట అంటూ బిడ్డని చేటలోంచి తీసింది, ఒక్కో మాట అంటూ గుండెకి హత్తుకుంది. మాటలేమో తిట్లు, కళ్ళేమో వాన. అంత చెడ్డ మాటల్ని అంత మెత్తగా ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ అనలేదు. అనడం అయిపోయాక, మెల్లగా తల వంచి, మొదటిసారి బిడ్డ మొహం చూసింది. బిడ్డ ఏడుపాపి తల్లిని చూసింది. తవుడంటిన వేళ్ళతో ఆ చిన్న బుగ్గ మీద ఇంత తవుడు రాసింది తల్లి.

గున్నమ్మ, ఈ బేరంలో నేను మునిగిపోయాను అని కొంగు దులుపుకుంటూ వెళ్ళిపోయింది. కొంగుతోనే కళ్ళు కూడా తుడుచుకుంది.

ఏంటి అమ్ములూ? చావు నిజంగానే నమ్మి వెళ్ళిపోయిందా అంటావా? నాకు తెలీదు తల్లీ. డాక్టరమ్మ చెయ్యి కొంత చేసి ఉంటుంది, పాలు కొంత చేసి ఉంటాయి. చావుకి చెవులున్నాయో లేవో ఎవరు చూశారు. కాని ఆ పొద్దు ఒక తల్లి కళ్ళు తెరిచి తన బిడ్డని చూసుకుంది. అది మాత్రం ఆ వీధంతా చూసింది.

ఆ తర్వాత పెట్టె మళ్ళీ తన దారిన తను మూడు బళ్ళూ తిరిగింది. గ్రేసమ్మ టీచరు ఆ గుండ్రటి గూట్లో ఇంకేమీ పెట్టలేదు. పిల్లలు కళ్ళు మూసుకుని అందులో చెయ్యి పెట్టేవారు. మెత్తటి చీరగుడ్డ తగిలేది, అంతే. ఇక్కడేముండేది టీచర్ అని అడిగేవారు. అప్పుడు టీచరు, ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ పేర్లెందుకు వచ్చాయో అడిగి రండి, తర్వాత చెప్తాను అనేది. ఈసారి మేలుకుని ఉన్నప్పుడు అడగండి అని పైడి వెనక బెంచీ లోంచి అందించేది. అలా ఆ మూడూళ్ళలోనూ ఎందరో పెంటయ్యలూ కుప్పమ్మలూ తవిటయ్యలూ అరుగుల మీద కూర్చుని, తమని ఎంత ఉత్తుత్తిగా పారేశారో, ఎంత నిజంగా ఏరుకున్నారో మనవలకి చెప్పుకున్నారు. పెట్టెలో పట్టేది కాదు అదంతా. పిల్లల చేతులు పట్టుకుని చెప్పుకున్నారు.

నిద్రొస్తోందా? నీ చెయ్యి ఇలా ఇయ్యి. ఊఁ.

కొండ తవుడు గుప్పెడు,
రేవు తవుడు గుప్పెడు,
అమ్మ పోసె దోసెడు,
పాప నవ్వె బోలెడు.
కుంచమేమో కడలికి,
కునుకేమో కంటికి,
కథ నడిచెను కంచికి,
మనం చేరాం ఇంటికి.